కోర్టిస్ ఎడమ మోకాలు

ఆట ఉన్న రోజు పొద్దున్నే ఓడెట్ ప్రూయిట్ ముందు కాఫీ పెట్టుకునేది, తర్వాత ఆటగాళ్ల చీలమండలకు పట్టీలు చుట్టేది, మధ్యాహ్నంలోగా ఆ పూట ఎవరు ఆడరో, ఎందుకు ఆడరో రేడియోవాళ్లకు చెప్పేది. టొలీడో హెరన్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు ఆమె చాలా ఏళ్లుగా ఫిజియో. ఆమె చెప్పే నొప్పులు ఒకప్పుడు నిజాలే. ఈ ఏడు మాత్రం చాలావరకు అబద్ధాలు.

కారణం ఊరందరికీ తెలుసు. ఆ జట్టు గెలిచి ఉద్ధరించిందీ లేదు, ఓడి బాగుపడిందీ లేదు. ఏటా జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో, అట్టడుగున నిలిచిన జట్లకే మొదటి వంతు దక్కే అవకాశం ఎక్కువ. అందుకని మేనేజర్ గ్రాంట్ ఆష్‌బీ జట్టును పునాది నుంచి కడతానన్నాడు. కట్టాలంటే ముందు శుభ్రంగా ఓడాలి, ఓడాలంటే బాగా ఆడేవాళ్లకు ఎక్కడో ఒకచోట నొప్పి పుట్టాలి. పుట్టించే పని ఓడెట్‌ది.

లేని నొప్పి ఉందని చెబితే అది గాలిలో కలిసిపోదు కదా, ఊళ్లో ఎవరో ఒకరికి వచ్చేది. టొలీడోలో దాన్నెవరూ వింతగా చూసేవారు కాదు. రేడియోలో లామార్ నడుము అని వినగానే ఏ బస్సు డ్రైవరో నడుం పట్టుకుని, "ఓహో, ఈసారి నాకొచ్చిందా!" అని మురిసిపోయేవాడు. అలాంటివాళ్లకు స్టేడియంలో పాప్‌కార్న్ ఉచితం. జట్టు కోసం ఆ మాత్రం ఓర్చుకోలేమా అనేవారు జనం. లామార్ మళ్లీ కోర్టులో అడుగుపెట్టగానే డ్రైవరు నడుము సర్దుకునేది.

చిక్కల్లా ఒక్కటే. ఆటగాడు మళ్లీ అడుగుపెట్టకుండానే జట్టు విడిచిపోతే, ఆ నొప్పి మోసేవాడి దగ్గరే ఉండిపోతుంది. బార్బర్ ఎలిస్ చీలమండకు అదే గతి పట్టింది. "ఏం చేస్తాం ఓడెట్టమ్మా, కూర్చుని కత్తిరిస్తే జుట్టు తెగదా ఏం?" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ పూట భోజనం మాత్రం సహించేది కాదు.

జట్టులో పెద్దవాడు కోర్టిస్ బెల్. ఈ ఏడుతో ఆట మానేస్తానని ముందే చెప్పాడు. జనవరి నుంచి అతని ఎడమ మోకాలు బాగాలేదని ఓడెట్ చేత చెప్పిస్తున్నారు. ఆ మోకాలు నాదేనంటూ ఇంతవరకూ ఎవరూ పాప్‌కార్న్‌కు రాలేదు. ఎవరో మొహమాటస్థులై ఉంటారులే అని ఓడెట్ ఊరుకుంది. అలా అనుకుంటే హాయిగా ఉండేది.

ఆఖరి ఆట రోజున ఆష్‌బీ ఆమె గదిలోకి వచ్చాడు.

"ఈ ఒక్క పూట. కోర్టిస్ మోకాలే మళ్లీ చెప్పెయ్."

"అతనికిది చివరి ఆట, గ్రాంట్."

"కేకు కోయిద్దాంలే. ఇవాళ ఓడామంటే మనమే అట్టడుగు. కీల్ కుర్రాడు మనకే దక్కుతాడు, చూస్తుండు."

జమారియస్ కీల్ ఊళ్లోని కాలేజీ జట్టులో ఆడేవాడు. ఈసారి డ్రాఫ్టులో అందరికన్నా ముందు పిలిచే పేరు అతనిదేనని దేశమంతా అనుకుంటోంది. వాళ్లమ్మ రోజలిండ్ హెరన్స్ స్టేడియంలోనే నాచోస్ చిప్స్ అమ్ముతుంది. ఆష్‌బీ అటు వెళ్లాడో లేదో, ఆవిడ కొడుకును రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"సిస్టర్ ఓడెట్, వీడి కాలు చూడండి. జనవరి నుంచి నా దగ్గరా దాచాడు, దొంగ."

ఓడెట్ అతని ఎడమ మోకాలి మీద చెయ్యి పెట్టింది. లోపలి వైపు, చిప్ప కింద, వేడిగా. అచ్చం తను రేడియోలో చెప్పినట్టే. నమ్మకంగా ఉంటుందని 'పొద్దున లేవగానే బిగుసుకుంటోంది' అని ఒక మాట తనే కలిపింది.

"పొద్దున్నే బిగుసుకుంటోందా?"

జమారియస్ తల వంచుకున్నాడు. ఓడెట్‌కు చెయ్యి తియ్యడానికి కూడా సిగ్గేసింది.

"ఇవాళ కోర్టిస్‌ను ఆడించేస్తాను. నీ నొప్పి పోతుంది," అంది.

"వద్దు మిస్ ఓడెట్! మీరు ఇవాళ ఓడిపోవాలి. ఓడితేనే నేను ఇక్కడికొస్తాను."

"అతను రేపటి నుంచి ఉండడు నాయనా. ఇవాళ దిగకపోతే ఇది నీ దగ్గరే ఉండిపోతుంది."

"ఉండనివ్వండి. ఇన్నాళ్లూ దీంతోనే ఆడాను, ఎవరికైనా తెలిసిందా?"

"పంతొమ్మిదేళ్లప్పుడు తెలియదు. పాతికేళ్లకు కుర్చీలోంచి లేవబోతే తెలుస్తుంది."

అతని కళ్లు ఎర్రబడ్డాయి. "చిన్నప్పట్నుంచి పై వరసలో కూర్చుని వీళ్లు ఓడిపోవడమే చూశానండీ. ఇక గెలుస్తారనుకునే వేళకు నన్ను వేరే ఊరు పొమ్మంటారా?"

అతను అడిగింది అన్యాయం కాదు, తను చేయబోయేది మంచేనన్న నమ్మకమూ ఓడెట్‌కు లేదు. రోజలిండ్ మాత్రం, "వాడి మాట వినకండి," అని నెమ్మదిగా అంది.

ఆ మధ్యాహ్నం ఓడెట్ రేడియోవాళ్లతో, "ఇవాళ మా జట్టులో ఎవరికీ ఏ నొప్పీ లేదు," అంది. అది విన్న జనం ఇక కోర్టిస్‌ను చూడకుండా ఇళ్లకు పోతారా? ఆష్‌బీ పళ్లు నూరుకున్నాడు గానీ ఆపలేకపోయాడు.

కోర్టిస్ కోర్టులో కాలు పెట్టాడు. పై వరసలో జమారియస్ ఒక్కసారిగా లేచి నిలబడి, మళ్లీ కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. కింద నుంచి ఓడెట్ అది చూసింది. కోర్టిస్ ఆ రోజు పాతికేళ్లవాడిలా ఆడాడు, దిక్కుమాలిన జట్టు గెలిచి కూర్చుంది. ఊరు చప్పట్లు కొట్టింది. మర్నాడు అట్టడుగు స్థానం చేజారిందని లెక్క చూసుకుని తిట్టడం మొదలుపెట్టింది.

ఓడెట్ ఉద్యోగం ఆ వారమే పోయింది. ఆమె వృద్ధుల ఆశ్రమంలో చేరి, అక్కడివాళ్ల నిజమైన మోకాళ్లకు కాపడం పెట్టసాగింది. డ్రాఫ్టులో మొదటి వంతు ఎక్కడో పడమటి జట్టుకు తగిలింది.

డ్రాఫ్టు రోజు సాయంత్రం ఎలిస్ షాపులో అందరూ టీవీ ముందు చేరారు. ఓడెట్ వెనక బల్ల మీద కూర్చుంది, ఎలిస్ తప్ప ఎవరూ పలకరించలేదు. మొదటి పేరు జమారియస్‌దే. అతను పడమటి జట్టు టోపీ పెట్టుకుని, నవ్వకుండా ఫోటో దిగాడు. షాపులో ఎవరో ఓడెట్ వైపు తిరిగి, "ఇప్పుడు తృప్తిగా ఉందా?" అన్నారు. ఆమె తల వంచుకుని బయటకు వచ్చేసింది. జనవరిలోనే నోరు మూసుకుని ఉంటే ఈ కుర్రాడికి నొప్పీ వచ్చేది కాదు, తన చేతులతో అతనికి ఊరు దూరం చేయాల్సీ వచ్చేది కాదు. ఆ తప్పు ఆష్‌బీ మీదికి నెట్టడానికి ఆమె చాలా రోజులు ప్రయత్నించింది, కుదరలేదు.

వారం తర్వాత రోజలిండ్ ఫోన్ చేసింది.

"వాడితో ఒక్కసారి మాట్లాడిద్దామనుకున్నాను సిస్టర్. మీ పేరెత్తితే చాలు, లేచి వెళ్లిపోతున్నాడు."

"వెళ్లనివ్వండి," అంది ఓడెట్. "ఎలా నడుస్తున్నాడు?"

"బాగా నడుస్తున్నాడు సిస్టర్," అంది రోజలిండ్.