బుడగలు

వెర్నా గ్లాసులో సగానికి నీళ్ళు పోసి, అందులో ఆకుపచ్చ స్ట్రా వేసింది. బాయిలరు పక్కనున్న ఈ స్టోరురూమే ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె గది. మంగళవారం ఈ బడి. మిగతా రోజులు ఉత్తర డకోటా మంచురోడ్ల మీద మరో మూడు బడులు. పిల్లల బొంగురు గొంతులు సరిచేయడం ఆమె ఉద్యోగం. ఇంట్లో ఆమె గొంతుతో ఎవరికీ పనిలేదు.

ఆరేళ్ళ జోలీన్ వచ్చి కుర్చీ ఎక్కింది.

"మా నాన్న నన్ను కప్ప అంటున్నాడు, టీచర్," అంది, గాలి తప్ప శబ్దం లేని గొంతుతో.

"కప్పలు చలికాలం పడుకుంటాయే. నువ్వెందుకు లేచావు?"

జోలీన్ నవ్వింది. వినిపించలేదు, భుజాలు మాత్రం కదిలాయి.

డాక్టరు గొంతులోపల చూసి కాగితం రాసిచ్చేదాకా ఏ పిల్లకీ అభ్యాసం మొదలుపెట్టకూడదు. అది నియమం. కానీ డాక్టరు నూట అరవై మైళ్ళ దూరంలో ఉన్నాడు. మార్చిదాకా ఖాళీ లేదు. "అప్పటిదాకా ఊరికే కూర్చోమంటారా? మీకు తెలియని గొంతా, మేడమ్!" అంది జోలీన్ తల్లి, అక్టోబరులో. వెర్నాతో అలా ఎవరూ అని చాలా ఏళ్ళయింది. అరిచి అరిచి కాయలు కాసిన గొంతని రాసుకుని, నీళ్ళలో స్ట్రాతో బుడగలు ఊదించడం మొదలుపెట్టింది. నవంబరులో ఆసుపత్రివాళ్ళు ముందు తేదీ ఇస్తామంటే, తగ్గుతోంది కదా అని తల్లి వద్దంది.

"ఊదు తల్లీ. ఊ... అంటూ."

నాలుగు బుడగలు వచ్చి ఆగాయి. పాప ఊపిరి పీల్చింది. సన్నని ఈల.

ఇన్నాళ్ళూ వెర్నా బయటికొచ్చే గొంతునే విన్నది; లోపలికి పోయే గాలిని వినలేదు. పాప మెడ కింది గుంట ప్రతి శ్వాసకూ లోపలికి పీక్కుపోతోంది. కాయలు ఊపిరికి అడ్డుపడవు. అక్కడ పెరుగుతున్నది వేరే ఏదో.

"అలసిపోయా. ఇంకా ఎన్ని, టీచర్?"

"చాలమ్మా. ఇంకేం వద్దు."

ఆఫీసుకు ఫోను చేసింది. అంబులెన్సు రావడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. అంతసేపూ పాపను నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ ఈలను వింది.

పాపను అంబులెన్సులో తీసుకెళ్ళాక మిగతా పిల్లలు వచ్చారు, వెళ్ళారు. రెండున్నరకు ఆఫీసులో పనిచేసే గ్లెండా వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"దారిలోనే పోయిందట, వెర్నా. వాళ్ళమ్మ నీకు చెప్పమంది. పాప కోసం నువ్వు చాలా చేశావంది," అంది.

వెర్నా జోలీన్ ఫైలు తెరిచి, తన చేతిరాతలో ఉన్న రోగం పేరు చూసింది. కొట్టెయ్యలేదు. కోటు వేసుకుని బయటికి నడిచింది.

గ్లాసులో నీళ్ళు కదలడం లేదు. స్ట్రా పైకొన నిండా చిన్న చిన్న పళ్ళ గాట్లు.