ఇంజిను మోగుతున్నంతసేపూ

లిఫ్టులు బాగుచేసే అల్లుణ్ణి ఏమని పిలవాలో మామగారు పెళ్ళయిన వారానికే తేల్చేశారు. "పైకీ కిందికీ" అని పేరు పెట్టారు. పదకొండేళ్ళయినా అదే పిలుపు. మొదట్లో అల్లుడికి ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది. ఆ తర్వాత మామగారు ఎప్పుడైనా అసలు పేరుతో పిలిస్తే, ఏం తప్పు చేశానా అని గుండె దడదడలాడేది. మనిషన్నవాడు దేనికైనా అలవాటు పడతాడు, ఏం చేస్తాం.

మామగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోడ్ల మీద తెల్లగీతలు వేయించారు. రిటైరయ్యాక ఆ గీతల పిచ్చి పెరటి మీదకి మళ్ళింది. ఇంటి వెనక గచ్చు దాటగానే గడ్డి, కొంచెం వాలు, వాలు చివర ఇటుక గోడ. వారానికి రెండుసార్లు ఆ గడ్డిని మిషనుతో చారలు చారలుగా కోసేవారు. చార ఏ కాస్త వంకరపోయినా ఆయనకి ఆ పూట అన్నం సహించేది కాదు.

అత్తగారికి నాలుగేళ్ళుగా చూపు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఆయన గడ్డి కోస్తున్నంతసేపూ ఆవిడ వెనక గది కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని మిషను చప్పుడు వినేవారు. ఆ చప్పుడును బట్టే ఆయన ఎక్కడున్నారో చెప్పేసేవారు. గోడ దగ్గరకి వెళితే మోత రెట్టింపవుతుందట. కుళాయి పక్కన గడ్డి ఒత్తుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంజిను మూలుగుతుందట. కళ్ళున్న మనకి ఇవన్నీ పట్టవు కానీ, ఆవిడ చెప్పింది ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ ఏడాది ఎండలు ముదిరే వేళకి మామగారు స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడ్డారు. డాక్టరు నాన్చకుండా చెప్పేశాడు. గుండె బలహీనంగా ఉంది, మళ్ళీ పడవచ్చు. పడితే మాత్రం పావుగంటలో తెచ్చి నా ముందు పెట్టండి, బతికిస్తాను, ఆలస్యం చేస్తే నా చేతుల్లో లేదు అన్నాడు. అదే ఊళ్ళో వేరే ఇంట్లో ఉండే అల్లుడి భార్య ఆస్పత్రి నుంచి పుట్టింటికి రాగానే తండ్రి ముందు నిలబడి, ఇక గడ్డి జోలికి వెళితే ఊరుకోనని ఖరాఖండీగా చెప్పింది. ఆయన చెవిన పెట్టలేదు. గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోమంటావా, దానికన్నా ఆ గడ్డిలో పోవడమే నయం అన్నారు. ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.

దారి చూపించింది అల్లుడే. కొత్త రకం మిషన్లలో పిడి పక్కన ఒక కడ్డీ ఉంటుంది, దాన్ని పిడితో కలిపి అదిమి పట్టుకుంటేనే ఇంజిను నడుస్తుంది, చెయ్యి వదిలితే మూడు సెకన్లలో ఆగిపోతుంది అని చెప్పాడు. మామయ్య పడితే ఇంజిను ఆగుతుంది, ఆగితే అత్తయ్యకి తెలుస్తుంది, అత్తయ్య ఫోన్లో ఒకటో నెంబరు నొక్కితే నేను వచ్చి వాలతాను అన్నాడు. ఆ మాటకి అందరూ ఒప్పుకున్నారు. ఆ రోజు తను ఎంత తెలివైనవాడినని మురిసిపోయాడో అతనికి ఇప్పటికీ గుర్తుంది, తలుచుకున్నప్పుడల్లా సిగ్గేస్తుంది.

నలుగురూ కలిసి దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు బ్యాటరీ మిషన్ని చూపించి ఆకాశానికెత్తాడు. బరువు లేదు, పొగ లేదు, స్టార్టు చెయ్యడానికి తాడు లాగే పని లేదు, అసలు చప్పుడే ఉండదు, ఈ వయసువాళ్ళకి ఇదే సరైనదన్నాడు. నిజానికి సరైనదే. అత్తగారు దాన్ని ఒకసారి నడిపించమన్నారు. అతను వెనక స్థలంలో నడిపించాడు. ఆవిడ ఇరవై అడుగులు దూరం వెళ్ళి నిలబడి, నాకేమీ వినపడటం లేదు నాయనా, ఇది వద్దు అన్నారు. ఆఖరికి పెట్రోలుది తీసుకున్నారు. దాని చక్రాలు వాటంతటవే కదులుతాయి, తోసే శ్రమ లేదు. ఇంజినుకొక కడ్డీ, చక్రాలకొక కడ్డీ, దేన్ని వదిలితే అది ఆగుతుంది. ఇంజిను కడ్డీని అత్తగారు స్వయంగా పట్టుకుని చూశారు, వదిలి చూశారు. చప్పుడు ఆగింది. మళ్ళీ పట్టించారు, మళ్ళీ వదిలారు. అలా నాలుగుసార్లు చేశాక ఆవిడ ముఖం తేటపడింది.

మొదటి మూడు వారాలు అంతా సజావుగా సాగింది. గడ్డి పొడవును బట్టి చక్రాల ఎత్తు ఎలా మార్చాలో, తడిగా ఉన్నప్పుడు ఎందుకు కొయ్యకూడదో, అడుగున అంటుకున్న పచ్చి ముద్దని గీకేముందు ప్లగ్గు వైరు ఎందుకు పీకాలో అల్లుడు ఓపిగ్గా చెప్పాడు. నాకే పాఠాలా అంటూనే మామగారు అన్నీ విన్నారు.

ఆ తర్వాత వేళ్ళ దగ్గర వచ్చింది చిక్కు. ఆయన వేలి కణుపులు వాచడం మొదలైంది. కడ్డీని అలా అదిమిపట్టి ఉంచడం చేతకాలేదు. రెండు చారలు పోకముందే పట్టు జారేది, ఇంజిను ఆగేది. ఆగగానే కిటికీలోంచి "ఏమండీ" అని కేక. "ఉన్నానే తల్లీ, ఇంకా పోలేదు" అని ఇక్కణ్ణుంచి జవాబు. మళ్ళీ తాడు లాగాలి. ఒక్క లాగుకి అందుకునే ఇంజిను కాదది, నాలుగైదు లాగాలి. ఒకరోజు అల్లుడు గచ్చు మీద నిలబడి లెక్కపెడితే అరగంటలో ఏడుసార్లు ఆగింది. ఏడోసారి తాడు లాగాక మామగారి పెదవులు నల్లబడ్డాయి. కుళాయి గట్టు మీద కూలబడి చాలాసేపు రొప్పుతూ ఉండిపోయారు.

అప్పుడు నోరు తెరిచి అడిగారు. నీ సంచిలో వైర్లు కట్టే పట్టీలుంటాయి కదా, ఒకటి ఈ కడ్డీకి చుట్టిపెట్టు అన్నారు. అల్లుడు ససేమిరా అన్నాడు. అనడా మరి? అతని పనే అది. లిఫ్టు తలుపు మూసుకోకుండా స్టూలు అడ్డం పెట్టినవాళ్ళని ముఖం వాచేలా తిట్టేవాడు. రెండేళ్ళ క్రితం తన పక్కన పనిచేసేవాడు ఒకడు తలుపు స్విచ్చికి వైరు ముక్క చుట్టి లిఫ్టు నడిపిస్తే, ఇతనే పైవాళ్ళకి చెప్పి వాణ్ణి పనిలోంచి తీయించాడు. వాడు పిల్లలుగలవాడినని కాళ్ళావేళ్ళా పడ్డా కరగలేదు.

"ఈ తాడు లాగడంతోనే నా ప్రాణం పోతుంది" అన్నారు మామగారు. "అప్పుడు మీ అత్తయ్యకి ఏం చెప్పుకుంటావో చెప్పుకో."

అన్నది హాస్యానికే. కానీ ఆయన చెయ్యి వణుకుతోంది, ఆ వణుకు కనపడకుండా చంకలో దాచుకున్నారు. అల్లుడికి జాలేసింది. సంచిలోంచి తనకి తానే అతుక్కునే నల్లపట్టీ తీసి కడ్డీనీ పిడినీ కలిపి చుట్టాడు. ఆపాలంటే ఇలా లాగెయ్యండి చాలు, ఊడి వస్తుంది, ఈ ఒక్క పూటకే సుమా అన్నాడు. అత్తయ్యకి చెప్పకండి అని కూడా అన్నాడు. ఆ మాట మామగారు అనలేదు, ఇతనే అన్నాడు.

ఒక్క పూట ఎక్కడాగింది? పని అయ్యాక మామగారు పట్టీని లాల్చీ జేబులో వేసుకుని, మళ్ళీ గడ్డి కోసే రోజున తీసేవారు. అల్లుడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అత్తగారి సంతోషం చెప్పనలవి కాదు. మాత్రలు బాగా పనిచేస్తున్నాయి, మొదలుపెట్టినవారు చివరిదాకా మధ్యలో ఒక్కసారి కూడా ఆపడం లేదు, చేతుల్లో బలం వచ్చింది అని ఫోన్ చేసి మరీ చెప్పేవారు. అల్లుడు ఊఁ కొట్టేవాడు.

ఒక బుధవారం పొద్దున పదకొండు దాటింది. అల్లుడు ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు గుంటలోకి దిగి స్ప్రింగులకి గ్రీజు పెడుతున్నాడు. ఫోను మోగింది.

"బాబూ, ఇంజిను ఇప్పుడే ఆగింది. పిలిస్తే పలకడం లేదు. రెండు నిమిషాలు కూడా కాలేదు, కంగారు పడకు, రా."

కంగారు పడకు అని ఆవిడే చెప్పారు. రెండే నిమిషాలు, పావుగంటకి ఇంకా బోలెడు టైముందని ఆవిడ ధైర్యం. అల్లుడికి మాత్రం ఆ ధైర్యం లేదు. మామయ్య ఆపితే లోపలికి వస్తారు. ఆయన ఆపకపోతే ఆ మిషను దానంతటది ఆగాలంటే పెట్రోలు అయిపోవాలి. అంబులెన్సుకి ఫోన్ చేస్తూ చేతులకి గ్రీజుతోనే స్కూటరెక్కాడు.

మిషను కుళాయి పక్కన నిలబడి ఉంది. చక్రాలు కదల్లేదు, బ్లేడు మాత్రం ఉన్నచోటే తిరిగి తిరిగి గడ్డిని మట్టిదాకా గొరిగేసింది. దాని వెనక మామగారు పక్కకి ఒరిగి పడి ఉన్నారు. అల్లుడు ముందు మనిషిని ముట్టుకోలేదు. ముందు పట్టీ లాగి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాతే వంగి చెయ్యి పట్టుకుని చూశాడు. చల్లగా ఉంది. ఈ వరస అతను ఎవరికీ చెప్పలేదు కానీ, తను మాత్రం ఈ జన్మలో మరిచిపోలేడు.

ఆస్పత్రి వరండాలో డాక్టరు అతన్ని పక్కకి పిలిచి, పడి గంట పైనే అయింది, ఇంట్లో ఎవరూ చూసుకోలేదా అని అడిగాడు.  అల్లుడు బయటికొచ్చి భార్యతో, అక్కడికక్కడే పోయారట, బాధ తెలియలేదట అన్నాడు. ఆమె అతని భుజం మీద పడి ఏడ్చింది.

పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ అత్తగారు ఒకే మాట చెప్పేవారు. చివరి నిమిషం దాకా నిలబడే ఉన్నారు, నేను విన్నాను, ఆ చావు అందరికీ రాదు అని. వచ్చినవాళ్ళు అవునవునని కళ్ళు తుడుచుకునేవారు. రెండు వారాలు పోయాక ఆవిడ ఆ మాట చెప్పడం మానేశారు. తిండి కూడా తగ్గించేశారు. కూతురు బతిమాలితే రెండు ముద్దలు మింగి, చాలమ్మా అనేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భార్య పక్క గదిలో తండ్రి బట్టలు సర్దుతుంటే, అల్లుడు అత్తగారికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ గ్లాసు పట్టుకున్నారు గానీ తాగలేదు.

"ఒక సంగతి అడుగుతాను బాబూ. మిషన్ల సంగతి నీకే తెలుసు" అన్నారు. "ఆ రోజు మోత కుళాయి దగ్గరే ఉండిపోయింది. గంటసేపు. గడ్డి ఒత్తుగా ఉందేమోలే అనుకున్నాను. కానీ గంటసేపు ఒకేచోట నిలబడి ఏం చేస్తారు ఆయన?"

అల్లుడు ఆవిడ చేతిలోని గ్లాసు తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు.

"నొప్పి వచ్చి, నన్ను పిలుద్దామంటే గొంతు పెగల్లేదేమో. వదిలితే చప్పుడు ఆగుతుంది, ఆగితే నేను భయపడతానని, ఆ వాచిన వేళ్ళతో అలాగే పట్టుకుని నిలబడ్డారేమో. గంటసేపు, బాబూ. నేను ఇక్కడ కూర్చుని కాఫీ తాగుతున్నాను."

 ఇన్నాళ్ళూ ఆవిడ తిండి మానింది ఇందుకేనని అల్లుడికి అప్పుడు అర్థమైంది. తను దాచింది ఆవిడకి ఓదార్పనుకున్నాడు. ఓదార్పు కాదు సరికదా, రోజూ నరకంలో పెట్టి కాల్చాడు. ఇక దాచడం అతని వల్ల కాలేదు. కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, పట్టీ సంగతి మొదటినుంచీ చెప్పేశాడు. తాడు లాగడం, పెదవులు నల్లబడటం, అత్తయ్యకి చెప్పకండి అన్నది తనేనన్న సంగతి, పట్టీ విప్పి జేబులో వేసుకోవడం, డాక్టరు అన్న మాట. ఏదీ మిగల్చలేదు.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు.

"ఎన్నాళ్ళు కట్టారు అలా?"

"నెలన్నర అత్తయ్యా."

"అంటే ఆ నెలన్నరా నేను విన్నది ఆయన్ని కాదన్నమాట" అన్నారు. కిటికీ వైపు తిరిగి, "మిషన్నే విన్నాను" అన్నారు.

అల్లుడు ఆవిడ పాదాల మీద చెయ్యి వేయబోయాడు. ఆవిడ పాదాలు వెనక్కి తీసుకున్నారు.

"అమ్మాయికి చెప్పకు. దానికి నువ్వు కావాలి. దాని కాపురం చెడగొట్టి నేను బావుకునేదేమీ లేదు" అన్నారు. "నాకు మాత్రం నువ్వు అక్కర్లేదు. నీ అడుగుల చప్పుడు ఈ ఇంట్లో నాకు వినపడకూడదు."

అతను లేచి నిలబడేసరికి భార్య లోపలికి వచ్చింది. చేతుల్లో మడత పెట్టిన చొక్కాలున్నాయి. ఏంటి ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు అని అడిగింది.

"గడ్డి సంగతే. బాగా పెరిగిపోయిందట" అన్నారు అత్తగారు, మామూలు గొంతుతో. "మీ ఆయనకి పని ఎక్కువై ఇక ఇటు రావడం కుదరదట. కొయ్యడానికి ఎవరినన్నా చూసి పంపిస్తానంటున్నాడు."

భార్య చొక్కాలు మంచం మీద పడేసి భర్త వైపు తిరిగింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"మా నాన్న పోయి నెల తిరగలేదు. మా అమ్మకి ఆ మాత్రం చెయ్యలేరా మీరు?"

అతను అత్తగారి వైపు చూశాడు. ఆవిడ ముఖం కిటికీ వైపుంది.

"పని ఎక్కువగా ఉంది" అన్నాడు.