కొండ మీద తీసిన గాలి

నేను ఒక గాలి పంపును. ఇత్తడి ఒళ్లు, చెక్క పిడి, కాలితో తొక్కిపట్టడానికి కింద రెండు ఇనుప పాదాలు. లూధియానాలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను చేసినవాడెవరో నాకు తెలియదు. ఆ రోజే నాలాంటివాళ్లు మరో రెండు వందల మంది పుట్టారు కాబట్టి అతనికీ నేను గుర్తుండను. మదనపల్లెలో సైకిల్ షాపు పెట్టుకున్న ఖాదర్ బాషా నన్ను కొన్నాడు. ముప్పై ఏళ్లు ఆయన చేతి కింద పనిచేశాను. ఆయన భుజాలు లేవకుండా పోయాక పదేళ్లుగా ఆయన కూతురు షమీమ్ చేతి కింద పనిచేస్తున్నాను.

నా దగ్గర గాలి కొట్టించుకుని పోయిన మనుషులు తక్కువేమీ కాదు. తెల్లారేసరికి టమోటా గంపలు కట్టుకుని, పన్నెండు మైళ్లు తొక్కి మార్కెట్టుకు వచ్చేవాళ్లను చూశాను. వాళ్ల ప్రయాణ సన్నాహమంతా టైరును బొటనవేలితో ఒకసారి నొక్కి చూడటమే. ఇప్పటివాళ్ల సన్నాహం చెబుతాను, ఓపికుంటే వినండి.

ఊళ్లో పదిమంది పెద్దమనుషులు కలిసి సైకిల్ సంఘం పెట్టారు. ఆరు రోజుల్లో రామేశ్వరం చేరాలని తీర్మానం చేశారు. వెంట ఒక వ్యాను వస్తుంది. అందులో పది పరుపులు, పది దిండ్లు, అరటిగెలలు, ఊరగాయ జాడీలు, వేడినీళ్లు కాచే యంత్రం వస్తాయి. సైకిల్ మీద ఉండేది వాళ్ల ఒళ్లు మాత్రమే. దీనికి సాహసయాత్ర అని పేరు పెట్టి బనీన్ల మీద అచ్చు వేయించారు. ఆ బనీన్ల రంగు తేల్చడానికి మూడు సమావేశాలు పట్టాయి. అందరూ కలిసి తొక్కి సాధన చేసింది రెండుసార్లు.

సంఘానికి అధ్యక్షుడు చెంగల్రాయులు, టమోటా మండీ యజమాని. ఉపాధ్యక్షుడు పళ్ల డాక్టరు హేమాద్రి. హేమాద్రి తన సైకిల్ బరువు తగ్గాలని గంట విప్పించి, మండీ కాటా మీద పెట్టి తూయించాడు. నలభై గ్రాములు తేలింది. ఆ సంతోషంలో ఎదురు హోటల్లో మూడు ప్లేట్లు పూరీ తిని వచ్చాడు.

వ్యాన్లో డ్రైవరు మునిరత్నం పక్కన ఒక సీటు ఉంది. అది మెకానిక్కుది. షమీమ్‌కు ఆ సీటు కావాలి. షాపుకొచ్చినవాళ్లు ఆమెను చూసి, "నాయన ఎప్పుడొస్తాడు పాపా?" అని అడిగి బల్ల మీద కూర్చుండిపోతారు. పదేళ్లుగా ఇదే వరస. ఆరు రోజులు పది సైకిళ్లను నడిపించి తిరిగి తెస్తే ఆ ప్రశ్న ఇక ఎవరూ అడగరని ఆమె ఆశ. దానికోసం ఫోన్లో చూసి కొత్తరకం బ్రేకుల పని నేర్చుకుంది. ఈ సన్నమూతి ట్యూబులకు సరిపోయేలా నాకు కొత్త మూతి బిగించింది. ముసలితనంలో నాకూ చదువు చెప్పిందన్నమాట.

చెంగల్రాయులు బేరం తేల్చి చెప్పాడు. "బెంగుళూరు మెకానిక్కును ఒకన్ని మాట్లాడి పెట్టినా. ఆదివారం హార్సిలీ కొండ ఎక్కి దిగుతాం. బండ్లన్నీ సక్రమంగా దిగితే సీటు నీది. లేకుంటే వానిది."

ఆదివారం పొద్దున కొండ మొదట్లో సైకిళ్లకు పూజ జరిగింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, టెంకాయ కొట్టారు. అంతవరకు బాగానే ఉంది. గాలికి కుంకుమ రాలిపోతుందని చెంగల్రాయులు దాన్ని కొబ్బరినూనెలో కలిపాడు. బొట్టు పెట్టడానికి సైకిల్లో గుండ్రంగా, తళతళలాడే చోటు ఏదా అని వెతికాడు. చక్రం పక్కన పళ్లెంలా మెరిసే డిస్కు కనబడింది. బ్రేకు పట్టేది సరిగ్గా ఆ డిస్కునే. ఒక్కొక్క డిస్కుకు మూడేసి బొట్ల చొప్పున పది సైకిళ్లకూ ముందూ వెనకా భక్తిగా పూసేశాడు.

షమీమ్ చేయి నా పిడి మీద ఆగిపోయింది.

"సార్, ఆడ నూనె తగలకూడదు. తుడిచేస్తా, రెండు నిమిషాల పని."

"పూజ చేసిన బొట్టు తుడుస్తారా మే ఎవురన్నా? నీకు తెలీదులే. పక్కకుండు."

'నీకు' అన్నచోట కొంచెం ఒత్తి పలికాడు. మిగతా తొమ్మిదిమందీ అదే క్షణంలో తమ బూట్ల లేసుల మీద శ్రద్ధ పెట్టారు. అందులో ముగ్గురు ఇంజనీర్లు.

కొండ ఎక్కేటప్పుడు బ్రేకుతో పనిలేదు. అందుకే ఎవరికీ ఏమీ తెలియలేదు. వ్యాన్లో మునిరత్నం అడిగాడు.

"ఏం పాపా, మొగం అట్ల పెట్టుకోనుండావు?"

"దిగేటప్పుడు బ్రేకులు పట్టవన్నా. ఒక్కో మలుపు ఎట్లుంటాదో నీకు తెలీదా?"

"చెప్పినావు కదా."

"చెప్పినా. ఇంగోసారి చెప్తే నన్ను దింపేసి బెంగుళూరోన్ని పిలుస్తారు."

"చెప్పకుంటే?"

ఆమె నా మూతిని ఒకసారి విప్పి మళ్లీ బిగించింది.

పైన వాళ్లు ముందు ఫోటోలు దిగారు, తర్వాత దోసెలు తినడానికి కూర్చున్నారు. షమీమ్ సైకిళ్ల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క ట్యూబు మూతి విప్పి, నొక్కిపట్టి, ఇరవై చక్రాల గాలీ తీసేసింది. జీవితమంతా గాలి నింపిన చేయి అలా తీయడం నేను మొదటిసారి చూశాను. పని ముగించి నన్ను ఒడిలో పెట్టుకుని వ్యాను మెట్టు మీద కూర్చుంది.

"ఏంది మే ఇది?" చెంగల్రాయులు చేతికి ఇంకా చట్నీ ఉంది.

"నేనే తీసినా సార్. బ్రేకులు నూనె తాగినాయి. డిస్కును పట్టే ప్యాడ్లు మార్చకుండా దిగకూడదు. బండ్లు వ్యాన్లో ఎక్కించండి."

"గాలి తీసే మెకానిక్కును యాడన్నా చూసినావా డాక్టరూ?"

"పళ్లు రాలగొట్టే డాక్టరు మాదిరి," అన్నాడు హేమాద్రి. అందరూ నవ్వారు. అతని సైకిలుకు వేలెడంత పంపు ఒకటి తగిలించి ఉంది. దాంతో చెమటలు కక్కుతూ తన రెండు చక్రాలూ నింపుకున్నాడు. షమీమ్ అడ్డం వెళ్లి హ్యాండిల్ పట్టుకుంది. అతను విదిలించుకుని పోయాడు. మొదటి మలుపు దగ్గర కీచుమని బ్రేకు అరుపు వినబడింది. ఆ తర్వాత అదీ లేదు.

పావుగంటకు సైకిల్ను తోసుకుంటూ నడిచి వచ్చాడు. లోయ వైపు కాకుండా కంప పొద వైపు పడటం అతని తెలివి కాదు, అదృష్టం. మోచేతి నుంచి రక్తం కారుతోంది. "కొంచెం జారిందంతే," అన్నాడు. అందరికంటే ముందు వ్యానెక్కింది అతని సైకిలే.

సోమవారం చెంగల్రాయులు కబురు పంపాడు. సక్రమంగా దిగిన బండి ఒక్కటీ లేదు కాబట్టి, మాట ప్రకారం సీటు బెంగుళూరువాడిదట. మనుషులు మాట మీద నిలబడేది ఇలాంటి చోటే. ప్యాడ్లు మార్చే పని మాత్రం షమీమ్‌కే వదిలారు. ఆమె పదింటికీ మార్చింది, డిస్కులు స్పిరిట్‌తో రెండేసిసార్లు తుడిచింది.

అడ్డం తిరిగింది మునిరత్నం. నేరుగా మండీకే పోయి చెప్పాడట. తిరిగొచ్చి మా షాపులో టీ తాగుతూ అదంతా మళ్లీ చెప్పాడు.

"సార్, మీరు యాడ పడినా నాకేం లేదు, నా బండి ముందర పడితే కేసు నా మీద. ఆ పాప రాకుంటే వేరే డ్రైవర్ని చూసుకోండి అని చెప్పినా."

వాళ్లు నిజంగానే వెతికారు. పెళ్లిళ్ల కాలం, ఊళ్లో ఒక్క వ్యానూ ఖాళీ లేదు. ఆ రోడ్డు మీద ప్రాణాలు లేకుండా పోయినా పోతారేమో గానీ, పరుపులు లేకుండా మాత్రం పోలేరు. అలా షమీమ్‌కు సీటొచ్చింది.

బయల్దేరే రోజు మళ్లీ పూజ. ఈసారి బొట్లు హ్యాండిల్‌కే పెట్టించాడు చెంగల్రాయులు. "డిస్కు మీద నూనె పడకూడదప్పా. అనుభవం మీద చెప్తా ఉండా," అని అందరికీ వివరించాడు. షమీమ్ వింటూ గాలి కొట్టింది.

పరుపుల పక్కన పడి నేనూ వచ్చాను. పలమనేరు దాటాక గుడియాత్తం ఘాటు దిగాలి. ఆ దిగుడు మొదట్లో పది సైకిళ్లూ ఆగిపోయాయి. ఒకడు నీళ్లు తాగాడు, ఒకడు కళ్లజోడు తుడుచుకున్నాడు. చివరికి అందరూ వ్యాను వైపు చూశారు.

షమీమ్ దిగింది. ఒక్కొక్క సైకిల్ దగ్గర నిలబడి, బ్రేకు నొక్కి పట్టి, బండిని ముందుకు తోసి చూసింది. చెంగల్రాయుల సైకిల్ దగ్గర రెండోసారి కూడా చూసింది. ఆయన చేతులు కట్టుకుని పక్కకు జరిగి నిలబడ్డాడు.

"పోండి సార్," అంది.

అప్పటికి గానీ ఒక్కడూ కదలలేదు. దీన్ని కృతజ్ఞత అనడానికి నాకు నోరు రాదు. ఇది భయం. నలభై ఏళ్లు మనుషుల మధ్య ఉన్నదాన్ని, వాళ్ల దగ్గర నుంచి అంతకంటే ఎక్కువ ఆశించను.