తెరుచుకోని పేజీ

పిల్లల పక్కన కూర్చుని ఒకాయన బూతు వీడియో చూశాడని, కోటిపల్లి బస్టాండు దగ్గరున్న తన కాఫీ హోటల్ ఉచిత వైఫైకి సత్యవాణి ఫిల్టర్ పెట్టించింది. అయినా మనసు కుదుటపడక, ఎవరు ఫోన్ తీసినా అనుమానంగానే చూసేది.

ఆ ఉదయం చేపలమ్మే రత్తమ్మ హోటల్లో కూర్చుని ఫోన్‌ను పదేపదే నొక్కుతోంది. తెర మీద ‘అశ్లీలం, అనుమతి లేదు’ అని ఉంది.

“ఏంటి రత్తమ్మా ఇది?”

రత్తమ్మ గొంతు తగ్గించింది. “రొమ్ములో గడ్డ తగులుతోందండి. పెద్దాసుపత్రిలో ఎప్పుడు చూస్తారో వెతుకుతున్నా. రొమ్ము అని రాస్తే చాలు, ఇది రానివ్వట్లేదండి.”

సత్యవాణికి తల కొట్టేసినట్టయింది. గబగబా తన ఫోన్ డేటాతో వెతికింది.

“ఈవేళేనంట, పన్నెండింటి దాకా. పద, నేనూ వస్తాను.”

ఆటో ఎక్కాక కూడా, ఆ మాటకు అడ్డు తీసేయమని చెప్పడానికి సత్యవాణి ఫిల్టర్ పెట్టినతనికి ఫోన్ చేస్తూనే ఉంది.