వైపర్ కింద బంతి మొక్క

మా ఆయన వెంకటరామయ్యకు కారంటే భక్తి. ప్రతి శుక్రవారం పొద్దున్నే దానికి పసుపు, కుంకుమ, అక్షింతలు, గుప్పెడు బంతిపూలు. పూలు గాలికి ఎగిరిపోకుండా వైపర్ల కింద దోపుతాడు. పద్నాలుగేళ్ళుగా ఇదే తంతు. గుండ్లపోచంపల్లిలో మా కాలనీ గుడి అమ్మవారికి కూడా అన్ని పూలు పడవు.

నిరుడు, యాభై రెండేళ్ళ వయసులో, నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. అప్పటిదాకా డాక్టరుకైనా, బ్యాంకుకైనా ఆయన తీరిక చూసుకుని కదలాల్సిందే. కారు చేతికొచ్చాక నా కాళ్ళ మీద నేను నిలబడ్డట్టయింది. ఈ వానాకాలం ఎక్కణ్ణుంచో నీళ్ళు దిగి ఎడమ సీటు కింద మడుగు కట్టడం మొదలైంది.

"గుంతల్లో దించి దించి నువ్వే పాడుచేశావు. ముసలి కారు, నీకు అచ్చిరాదు. వెనకవీధి హేమచంద్ అడుగుతున్నాడు, ఆదివారం ఇచ్చేస్తానని మాటిచ్చా" అన్నాడాయన. పోనీ కొత్తది కొంటారా అంటే, "మనకెందుకే ఈ వయసులో!" అట. నాకు ఒళ్ళు మండిపోయింది.

శనివారం ఆయన కంపెనీ బస్సు ఎక్కగానే కారు తీసుకుని శామీర్‌పేటలో మెకానిక్ వహాబ్ భాయ్ షెడ్డుకు పోయాను. అతను వైపర్ల కిందున్న నల్ల జాలీ విప్పి, లోపలికి చూసి పకపకా నవ్వాడు.

"గిదేందమ్మా? బండ్ల తోట వెట్టిండ్రా?"

తొంగి చూశాను. పసుపు బియ్యం కుళ్ళి ముద్దయి ఉంది. ఎండుపూలు, నిమ్మతొక్కలు. వాటి మధ్య నాలుగాకులతో నిక్షేపంగా ఒక బంతి మొలక!

"అద్దం మీది వాన గీ జాలీలకెళ్ళి దిగి, రెండు దిక్కుల బొక్కలకెళ్ళి కిందికి వోవాలె. బొక్కలు బందయినయ్. ఇగ నీళ్ళు ఏడికి వోతయ్? మీ కాళ్ళకాడికే వస్తయ్. మీ డ్రైవింగ్ల తప్పేం లేదు" అన్నాడు.

"ఆ మాట మా ఆయనతో చెప్తారా?"

"నాకెందుకమ్మా పరేషాన్! సార్ పూజకు నేనెందుకు పేర్లు వెట్టాలె?"

ముద్దంతా చేత్తో ఎత్తేసి, సన్న తీగ బొక్కల్లో మెల్లగా ఆడించి, పైపుతో నీళ్ళు పోశాడు. ముందు చక్రాల వెనక నుంచి పసుపు నీళ్ళు బుడబుడా దూకాయి. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. మొలకను పారెయ్యబుద్ధి కాక టీ కప్పులో పెట్టి తెచ్చుకున్నాను.

ఆదివారం హేమచంద్ వచ్చాడు. నీళ్ళు దిగడం లేదని కళ్ళారా చూస్తే మా ఆయన అమ్మడులే అని నా ధీమా.

"ముందు ఓ బకెట్ నీళ్ళు అద్దం మీద పోసి చూడండి అన్నయ్యగారూ" అన్నాను.

పోశాడు. లోపల చుక్క లేదు.

"బండి బంగారమండీ! ఇప్పుడే తోలుకుపోతా" అన్నాడు హేమచంద్.

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే! మా ఆయనేమో మాటిచ్చానే అని గొణుగుతున్నాడు. ఇదంతా మీ పూజ నిర్వాకమే అంటే, రోషం పొడుచుకొచ్చి ఆ నిమిషమే తాళం ఇచ్చేస్తాడు. ముప్పై ఏళ్ళ కాపురం, నాకు తెలియదూ!

కాఫీ మిషతో ఇద్దర్నీ ఇంట్లో కూర్చోబెట్టి, కప్పులో మొలకను తెచ్చి వైపర్ కింద జాలీ సందులో నిలబెట్టాను. గట్టిగా కేకేశాను.

"ఏమండోయ్! మీరు పెట్టిన పువ్వు మొలిచింది, వచ్చి చూడండి!"

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన వచ్చి, చూసి, చెప్పులు విడిచి లెంపలేసుకున్నాడు. కళ్ళు చెమర్చాయి.

"హేమచంద్ గారూ, ఏమీ అనుకోకండి. అమ్మవారు ఇక్కడే ఉంటానంటోంది. నేనివ్వలేను."

హేమచంద్ మొలకనీ నన్నూ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు.

నా సంబరం పట్టుమని పది నిమిషాలు లేదు.

"అమ్మవారు వెలిసిన బండి. ఇక రోడ్డెక్కించకూడదే. గుడ్డ కప్పి, ఇక్కడే దీపం పెట్టుకుందాం" అన్నాడాయన.

ఓరి నాయనో! అయినా తమాయించుకున్నాను.

"అయ్యో, అమ్మవారిని ఊరేగించకుండా కట్టి పడేస్తారా? ఇంకేమైనా ఉందా!"

ఆయన ఆలోచనలో పడ్డాడు.

"నిజమే. కానీ రోజూ ఊరేగించాలంటే నాకు ఆఫీసు కదే..."

నేను చెయ్యి చాపాను. ఆయన తాళం కళ్ళకద్దుకుని రెండు చేతులతో నా చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రమే అమ్మవారిని మేడ్చల్‌లో చీరల కొట్టు దాకా ఊరేగించి తెచ్చాను.