పిలుపులు ఆపే మందు

మా వదిన చేతికి ఫోన్ దొరికిందంటే దండోరా వేసినట్టే. తన తమ్ముడికి, అంటే మావారికి, పేగులో కేన్సర్ గడ్డ ఉందని తెలిసిన పూటే ఇద్దరికి చెప్పింది. ఆ ఇద్దరూ మరో నలుగురికి. ఇంకేముంది, ఇల్లు కిటకిట! నా కుట్టుమిషన్ మీద కూడా ఎవరివో సంచులు. వచ్చినవాళ్ళంతా మంచివాళ్ళే, అదే నా ఖర్మ, తిట్టడానికీ లేదు. మావారేమో కంటిమీద కునుకు లేక గోడవైపు తిరిగి పడుకునేవారు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "గడ్డని చంపడానికే ఒంట్లోని రక్షణ కణాలు వస్తాయమ్మా. గడ్డ వాటినే తనవైపు తిప్పుకుంటుంది. ఒక కణం ఇంకోదానికి కబురంపుతుంది, అది మరికొన్నిటికి. అన్నీ చేరి వాపు, వేడి. పుండనుకుని మాన్పడానికి అవి తెచ్చిందంతా గడ్డే తిని పెరుగుతుంది."

"కంచే చేను మేసినట్టు!" అన్నాను.

"అంతే. రేపిచ్చే ఇంజెక్షన్ ఆ కబుర్లని ఆపుతుంది. కానీ ఒంటికి కాపలా కూడా తగ్గుతుంది. జ్వరముంటే ఇవ్వం. ఇంట్లో దగ్గు, జలుబు ఉన్నవాళ్ళని దగ్గరికి రానివ్వకండి."

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో ఎవరో ఖళ్ళుఖళ్ళున దగ్గుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అందరూ బయల్దేరండి. ఇప్పుడే!"

"నా తమ్ముణ్ణి నన్ను చూడొద్దంటావా?" అంది వదిన.

"చూడొద్దనే అంటున్నా. నాకాయన బతకాలి వదినా."

సంచులు సర్దుకుని ఒక్కొక్కరే మెట్లు దిగిపోయారు. చివర్లో వదిన తన ఫోన్ తీసి మిషన్ మీద పెట్టింది. "నీ దగ్గరే ఉంచు. నా దగ్గరుంటే ఊరుకోలేను" అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. నోరు జారానేమో అని మనసు పీకుతూనే ఉంది.

పొద్దున్నే థర్మామీటర్ పెట్టి చూస్తే జ్వరం లేదు. హమ్మయ్య! ఆయన్ని పట్టుకుని మెట్లు దిగుతుంటే, కింది మెట్టు మీద వదిన, మూతికి మాస్కు కట్టుకుని.

"ఇక్కడేం చేస్తున్నారు?"

"పిన్నీవాళ్ళు పొద్దున్నే వస్తామన్నారుగా. వద్దని చెబుదామంటే ఫోన్ నీ దగ్గరుంది. వచ్చారు, ఇక్కణ్ణుంచే పంపేశా." లేచి గోడకి అతుక్కుని దారిచ్చింది. "నాకు దగ్గు లేదే. అయినా దూరంగానే ఉంటాలే, మీరెళ్ళండి."

ఆయన మెట్టు మీదే ఆగిపోయారు. నాకు ఏడుపు ఆగలేదు.

"రండి వదినా" అన్నాను, "కారులో ముందు సీటు మీకే."