చెవి వెనక దూది

ముక్తియార్ చెప్పే అబద్ధం రోజురోజుకీ పెద్దదవుతోంది. దూదేకే మిషన్ని ఏం చేశావని భార్య లాల్ బీ మొదటిసారి అడిగినప్పుడు, "కొన్నాళ్లు పక్కన పెట్టినాలే" అన్నాడు. మళ్లీ అడిగితే "మూలన పడేసినా" అన్నాడు. మొన్న విసుక్కుని, "అటకెక్కించేసినా, సాలా?" అన్నాడు. నలుగురు పట్టినా కదలని ఇనుప మిషన్ని ఏ అటక మోస్తుందట? అబద్ధమాడే మనిషికి కాస్తయినా సిగ్గుండాలి.

పుంగనూరు బస్టాండు వెనక షెడ్డులో, ఆ మిషన్ ముందు స్టూలు వేసుకుని ఏళ్ల తరబడి దూది అందించింది లాల్ బీ. ఆ దుమ్ముకే దగ్గు పట్టుకుంది. ఇక షెడ్డు గడప తొక్కొద్దన్నాడు డాక్టరు. తన సంగతి సరే, కూతురు హఫ్సా మాత్రం ఎన్నటికీ ఆ స్టూలు మీద కూర్చోకూడదని ఆవిడ పంతం. ఫోం పరుపులొచ్చి బేరాలు తగ్గాయి, మిషన్ ఆపేస్తానని మొగుడు మాటిచ్చాడు. హఫ్సా మదనపల్లెలో కంప్యూటర్ కోర్సులో చేరింది. లాల్ బీ మనసు కుదుటపడింది.

నిన్న అన్నం వడ్డిస్తుంటే మొగుడి చెవి వెనక తెల్లగా ఏదో కనిపించింది. దూదేకేవాళ్లు ముఖం, కనుబొమలు రుద్ది రుద్ది కడుక్కుంటారు, చెవి వెనక మాత్రం మరిచిపోతారు. పుట్టింట్లో తండ్రినీ అట్లాగే చూసింది. అయితే మిషన్ నడుస్తోందన్నమాట. తన చోట ఎవతెను కూర్చోబెట్టాడు? లాల్ బీకి ఒళ్లు మండిపోయింది.

ఈరోజు ఆయన వెళ్లిన కాసేపటికే ఆటో ఎక్కి షెడ్డు దగ్గర దిగింది. లోపల గడియ, లోపలే మిషన్ మోత. తలుపు దబదబా బాదింది.

తలుపు తీసింది హఫ్సా. ముక్కుకు చున్నీ, కనురెప్పల మీద దూది.

"కోర్సు ఈడ సెప్తాండారా?" అంది లాల్ బీ.

"కుప్పం పెండ్లోళ్ల పరుపులమ్మా. పనికి మనుషులు దొరకలా. నాయన ఒక్కడే ఎట్ల సేస్తాడు?" అంటూనే దగ్గింది హఫ్సా.

"ఈ ముహూర్తాలు అయ్యేదాకానే..." అని మిషన్ పక్క నుంచి నసిగాడు ముక్తియార్.

ఆ దగ్గు లాల్ బీ ఎరిగినదే. తనకూ అట్లాగే, చిన్నగానే మొదలైంది. తలుపు తీసింది ఇంకెవతో అయినా బాగుండేదనిపించింది.

స్విచ్ ఆపేసింది. మిషన్ బెల్టు ఊడదీసి, చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది.

"ఇప్పుడు పెట్టినాం పక్కన" అంది మొగుడితో. "నడువు పాపా, మదనపల్లె బస్సు పోతాది."